పదకొండు నెలల నియామక పత్రం: యజమానికీ కార్మికుడికీ మధ్య ప్రభుత్వం ఇప్పుడు ఎక్కడ నిలబడాలి?

తిరుచానూరు_మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా చెల్లెలి కొడుకు, సత్యవేడు దగ్గరి ఒక కర్మాగారంలో ఉద్యోగం వచ్చిందని నియామక పత్రం తీసుకొని మా ఇంటికి వచ్చాడు. మా చెల్లెలు దాని నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టింది. పూజ అయ్యాక నేను కళ్లజోడు పెట్టుకొని మూడు పేజీలూ చదివాను. రెండో పేజీలో జీతం పట్టిక కింద ‘నిర్ణీత కాల నియామకం, పదకొండు నెలలు’ అని ఉంది. ఆ గడువు తీరిన రోజున ఏ నోటీసూ లేకుండానే ఉద్యోగం దానంతట అదే ముగుస్తుందని తరువాతి వాక్యం. మా నాన్నగారికి 1961లో వచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అది అర ఠావు కాగితం, టైపు అక్షరాలు వెలిసిపోయాయి, గడువు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఈ రెండు కాగితాల మధ్య జరిగిన మార్పును నేను తరగతి గదిలో ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. 1991 జూలై 24న నూతన పారిశ్రామిక విధానం ప్రకటించిన నాటి నుంచి ప్రభుత్వం ఉద్యోగం ఇచ్చే పాత్ర నుంచి క్రమంగా తప్పుకొని, ఉద్యోగం ఇచ్చేవారికి భూమి, నీరు, విద్యుత్తు, పన్ను రాయితీ సమకూర్చే పాత్రలోకి వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు, అంటే పాతవాటిని కలిపి రాసిన నాలుగు కొత్త చట్టాలు, అమలులోకి వచ్చాయి. ఈ మార్పులో ప్రభుత్వం కార్మికుడికి ఏమవుతుంది? యజమానా, మధ్యవర్తా, కాపలాదారా? వ్యవహారం దగ్గరగా చూసినవారు తమ అనుభవం నుంచి రాయవలసిందిగా కోరుతున్నాను.

నీవా_తీరం:

మాస్టారు గారికి నమస్కారం. నేను కార్మిక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసి చిత్తూరులో ఉంటున్నాను. మీరు మూడు పాత్రలు చెప్పారు కానీ నా ఉద్యోగ జీవితమంతా గడిచినది మధ్యవర్తి పాత్రలోనే కాబట్టి దాని గురించే రాస్తాను.

వివాదం వచ్చినప్పుడు రెండు పక్షాలనూ పిలిచి కూర్చోబెట్టే అధికారికి తీర్పు చెప్పే అధికారం ఉండదు, నచ్చజెప్పే అధికారం మాత్రమే ఉంటుంది. బయటివారికి ఇది బలహీనతగా కనిపిస్తుంది. ఒక కర్మాగారం వేతన ఒప్పందం కోసం ఉదయం పదకొండుకు మొదలైన చర్చ రాత్రి పదకొండు దాటినా తెగలేదు. మూడో దఫా టీ వచ్చాక యాజమాన్యం తరఫు పెద్దమనిషి తన డైరీ నుంచి చిన్న కాగితం చించి, దాని మీద ఒక అంకె రాసి, మడిచి నా ముందుకు జరిపారు. నేను ఆ అంకెను పైకి చదవలేదు. యూనియన్ కార్యదర్శిని వరండాలోకి పిలిచి, ఆయన ఎంత దాకా దిగగలరో అడిగాను. రెండు అంకెలకూ మధ్య ఉన్న తేడా నెలకు నూట పది రూపాయలు. ఆ నూట పది రూపాయల కోసం అప్పటికి పందొమ్మిది రోజులుగా సమ్మె నడుస్తోంది. తెల్లవారేలోగా సంతకాలు అయ్యాయి.

ఆ సంతకాలు మా సమక్షంలో జరగడానికీ, వారిలో వారే బయట చేసుకోవడానికీ చట్టంలో పెద్ద తేడా ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఇద్దరూ బయట కుదుర్చుకున్నది, సెక్షన్ సంఖ్య 18(1)ను బట్టి, ‘ఎయిటీన్ వన్’ ఒప్పందం, అది సంతకం పెట్టిన పక్షాలనే కట్టిపడేస్తుంది. మా ఎదుట కుదిరినది 12(3) కింద ‘ట్వెల్వ్ త్రీ’ ఒప్పందం. అది ఆ యూనియన్‌లో లేని కార్మికుడికీ, రేపు కొత్తగా చేరబోయే కార్మికుడికీ కూడా వర్తిస్తుంది. అంటే ప్రభుత్వం ఆ గదిలో ఒక కుర్చీలో కూర్చొని ఉండడం వల్లనే, గదిలో లేనివారికి కూడా హక్కు పుడుతుంది. ప్రభుత్వం తప్పుకోవాలి అని తేలికగా అనేవారు ఈ కుర్చీ సంగతి ఆలోచించాలని నా మనవి.

ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో నాకు నచ్చిన విషయం కూడా చెప్పాలి. పాత చట్టంలో రాజీ విఫలమైతే చాలా వివాదాలను తీర్పు చెప్పే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు పంపాలా వద్దా అని ప్రభుత్వం నిర్ణయించేది. ఆ ఫైలు కోసం కార్మికులు సచివాలయం చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు పక్షాలు నేరుగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ప్రభుత్వం ఇలాంటి చోటు నుంచి తప్పుకోవడం మంచిదే.

గుడిపాల_తోట:

నేను యజమాని పక్షం నుంచి రాస్తున్నాను, దయచేసి ఓపికగా చదవండి. మాది మామిడి గుజ్జు తీసే చిన్న యూనిట్. తోతాపురి కాయ దిగినంత కాలమే మాకు పని. ఆ రెండు మూడు నెలలు తొంభై మందికి తక్కువ కాకుండా ఉంటారు, మిగతా ఏడాదంతా పన్నెండు మందితో నెట్టుకొస్తాను. కాయ లేనప్పుడు తొంభై మందికి జీతం ఇవ్వడం నాకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల నిర్ణీత కాల నియామకం అనగానే అది మోసమని అనుకోవద్దు. పని స్వభావమే కాలాన్ని నిర్ణయించే చోట్లు ఉన్నాయి. మాస్టారి మేనల్లుడు చేరబోయే కర్మాగారంలో పని ఏడాది పొడవునా ఉంటుందా, ఉండదా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే, పదకొండు నెలలకు కారణం పనిలో లేదు, మరెక్కడో ఉంది.

ప్రభుత్వం గురించి ఒక మాట. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించారు. ఆ సమయంలో ధర గురించి ఎన్నో సమావేశాలు జరిగాయి, నేనూ వెళ్లాను. అదే కాయకు తొక్క తీసి, ముక్కలు కోసి, సాయంత్రానికి వేళ్లు పసుపుపచ్చగా మారి జీడి రసానికి చర్మం పొక్కిపోయే ఆడవాళ్ల కూలి గురించి అలాంటి సమావేశానికి నన్ను ఈ ఇరవై ఏళ్లలో ఎవరూ పిలవలేదు. పిలిస్తే వెళ్లేవాణ్ణి. రైతుకు సంఘం ఉంది, ఓటు బలం ఉంది, రోడ్డు మీద కాయ పారబోస్తే పత్రికలు వస్తాయి. సీజన్ కూలీకి వీటిలో ఏదీ లేదు కాబట్టి ప్రభుత్వం దానంతట అది రావలసిన చోటు ఇదే.

తడ_బస్సు:

అందరికీ నమస్కారం. నేను శ్రీసిటీలో ఎలక్ట్రానిక్ వస్తువులు బిగించే లైన్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. నన్ను తీసుకున్నది కంపెనీ కాదు, కాంట్రాక్టరు. మూడేళ్లలో కాంట్రాక్టరు పేరు రెండుసార్లు మారింది, నేను కూర్చునే స్టూలు మాత్రం మారలేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి కంపెనీ రోల్స్‌లో ఉంది. ఇద్దరం ఒకే బోర్డుకు ఒకే స్క్రూలు బిగిస్తాము. మా ఇద్దరి మధ్య తేడా మెడలో వేసుకునే ట్యాగు రంగులో కనిపిస్తుంది, నెలాఖరున బ్యాంకు మెసేజ్‌లో కనిపిస్తుంది.

గుడిపాల_తోట గారు చెప్పిన ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. మా లైన్ ఏడాదిలో ఒక్క నెల కూడా ఖాళీగా ఉండదు.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్‌లో మరో సభ్యత్వ సంఖ్య వస్తుంది. యూఏఎన్, అంటే సభ్యుడికి ఎప్పటికీ ఉండే పీఎఫ్ గుర్తింపు సంఖ్య, ఒకటే అయినా పాత ఖాతాలోని డబ్బు కొత్తదానిలోకి బదిలీ చేసుకోవడానికి నేను ఐదు నెలలు తిరిగాను, ఎందుకంటే పాత కాంట్రాక్టరు నేను మానేసిన తేదీని నమోదు చేయలేదు. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ కింద నా జీతం నుంచి 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కట్టాలి. మా అమ్మకు ఆపరేషన్ అవసరమైన నెలలో యజమాని వాటా కట్టలేదని తెలిసింది. ఆ కాంట్రాక్టరును అడిగితే కంపెనీ బిల్లు ఇవ్వలేదన్నాడు, కంపెనీని అడిగితే నువ్వు మా ఉద్యోగివి కావన్నారు. అప్పుడు నాకు అనిపించినది ఒకటే: నా యజమాని ఎవరో చెప్పే మనిషి ఒకరు కావాలి. ప్రభుత్వం ఇంకేమి చేసినా చేయకపోయినా, ఆ ఒక్క ప్రశ్నకు ఒకే రోజులో జవాబు చెప్పగలిగితే చాలు.

నీవా_తీరం:

తల్లీ, మీరు అడిగిన ప్రశ్నకు చట్టంలో జవాబు 1970 నుంచి ఉంది. కాంట్రాక్టరు వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే కాంట్రాక్టరుకు పని అప్పగించిన కంపెనీ, ఇవ్వాలి, తరువాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఈఎస్ఐ వాటా విషయంలోనూ ముందుగా బాధ్యత ప్రధాన యజమానిదే. ఆ మాట మీకు ఎవరూ చెప్పకపోవడం మా శాఖ వైఫల్యం, అది ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

మన రాష్ట్రం విషయం ఒకటి చాలామందికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి, సంస్థ ప్రధాన కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని రాసింది. అయితే పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎక్కించి దింపే పనుల వంటివి ప్రధాన కార్యకలాపం కావని ఒక జాబితా కూడా ఇచ్చింది. ఇప్పుడు జాతీయ స్థాయిలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఇదే ఆలోచన ఉంది. నిషేధం ఉన్నా మినహాయింపులూ ఉన్నాయి. మీ లైన్‌లో స్క్రూ బిగించడం ప్రధాన కార్యకలాపం కాదని వాదించడం మాత్రం కష్టం. ఇంకొక మార్పు గమనించండి: పాత కేంద్ర చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించేది, కొత్త కోడ్ 50 మంది నుంచి వర్తిస్తుంది. చిన్న కాంట్రాక్టర్లుగా విడగొట్టడానికి ఇది దారి తీస్తుందన్నది నా భయం.

తలకోన:

నేను తిరుపతిలో ఈ విషయం మీదే పరిశోధన చేస్తున్నాను. మనకు జరుగుతున్నది మనకు మాత్రమే జరుగుతున్నదని అనుకుంటే దారి కనిపించదు కాబట్టి ఇతర దేశాల సంగతి కొంత రాస్తాను.

చైనాలో ప్రభుత్వ కర్మాగారపు ఉద్యోగాన్ని ‘ఇనుప అన్నం గిన్నె’ అనేవారు, అంటే కింద పడినా పగలనిది. 1986లో ప్రభుత్వ సంస్థలు కొత్తగా తీసుకునేవారికి గడువుతో కూడిన కాంట్రాక్టు పద్ధతి ప్రవేశపెట్టారు. 1990ల చివర్లో కోట్లాది మందిని పని నుంచి దింపారు. పని పోయినవారిని వీధిలో వదలకుండా 1998 నుంచి పునరుపాధి కేంద్రాలలో గరిష్ఠంగా మూడేళ్లు ఉంచి, జీవన భత్యం ఇచ్చారు. ఆ ఖర్చును ప్రభుత్వం, సంస్థ, సామాజిక బీమా నిధి మూడు వాటాలుగా భరించాలన్నది నియమం. భత్యం అన్ని చోట్లా సరిగా అందలేదు, ఈశాన్య చైనాలో నిరసనలు జరిగాయి. అయినా నాకు ముఖ్యంగా తోచినది ఆ తరువాతి అడుగు. 2008 జనవరి 1 నుంచి అమలైన కార్మిక ఒప్పంద చట్టంలో, వరుసగా రెండు నిర్ణీత కాల ఒప్పందాలు పూర్తిచేసిన కార్మికుడికి మూడోసారి గడువు లేని ఒప్పందం కోరే హక్కు ఇచ్చారు. మన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఇన్నిసార్లకు మించి పొడిగించరాదన్న పరిమితి లేదు. మాస్టారు గారి మేనల్లుడి పత్రంలో ఉన్న రంధ్రం ఇదే.

పోలండ్‌లో 1990 జనవరి 1న ధరల మీదా, వాణిజ్యం మీదా ప్రభుత్వ నియంత్రణను చాలావరకు ఒక్కసారిగా ఎత్తేశారు. నిరుద్యోగం, సమ్మెలు పెరిగాక, 1993లో ప్రభుత్వ సంస్థల భవిష్యత్తుపై ప్రభుత్వం, యూనియన్లు, యజమానులు ఒడంబడిక చేసుకున్నారు, 1994లో ఈ ముగ్గురూ కూర్చునే త్రైపాక్షిక కమిషన్ ఏర్పడింది. రష్యాలో అలాంటి మాట్లాడుకునే వేదిక బలంగా లేకపోవడం వల్ల జరిగినది వేరు. అక్కడ ఉద్యోగాలు కాగితం మీద ఉన్నాయి, జీతాలు నెలల తరబడి రాలేదు. 1998 మే నెలలో జీతాలు అందని బొగ్గు గని కార్మికులు ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గం మీద కూర్చున్నారు.

మనకు ఆ వేదిక వారికంటే చాలా ముందే ఉంది. భారత కార్మిక సదస్సు 1942లో మొదలైంది. త్రైపాక్షిక సంప్రదింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం 1978లోనే ఆమోదించింది. కానీ 46వ సదస్సు 2015 జూలైలో జరిగింది, కోడ్‌లు 2019, 2020లలో పార్లమెంటులో ఆమోదం పొందాయి, ఆ రెండింటి మధ్య ఒక్క సదస్సు కూడా జరగలేదు. ఇంత పెద్ద మార్పుకు ముందు ఆ బల్ల చుట్టూ కూర్చోకపోవడాన్ని నేను తీవ్రమైన లోపంగా భావిస్తున్నాను.

రేణిగుంట_కాలనీ:

తలకోన గారు చైనా పునరుపాధి కేంద్రాల గురించి రాసింది చదివాక నేను రాయకుండా ఉండలేకపోయాను. మన దేశంలో కూడా 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. పని పోయేవారికి పరిహారం, కొత్త పనిలో శిక్షణ, తిరిగి ఉపాధి దాని ఉద్దేశాలు. డబ్బులో అత్యధిక భాగం స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) పరిహారాలకే పోయింది, శిక్షణకు మిగిలింది కొద్ది.

మా నాన్న ఒక నూలు మిల్లులో దారం వడికే రింగ్ ఫ్రేం యంత్రం మీద పనిచేసేవారు. వీఆర్ఎస్ తీసుకున్నప్పుడు ఆయన వయసు నలభై నాలుగు. డబ్బు చేతికి వచ్చిన నెలలోనే అక్క పెళ్లి చేశారు, మిగిలినదానితో ఒక ఆటో కొన్నారు. ఆయనకు దారం తెగితే కళ్లు మూసుకొని ముడివేయడం వచ్చు, ఆటో నడపడం రాదు. శిక్షణకు రమ్మని ఒకసారి పిలుపు వచ్చింది, వెళితే కుట్టుమిషన్, సబ్బుల తయారీ అని రెండు బోర్డులు ఉన్నాయట. వెనక్కి వచ్చేశారు. ఆయన ఇంటికి వచ్చి చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొత్త కోడ్‌లో ఉద్యోగం తొలగించిన ప్రతి కార్మికుడికీ యజమాని 15 రోజుల వేతనాన్ని పునర్నైపుణ్య నిధికి కట్టాలని, అది 45 రోజులలోపు కార్మికుడి ఖాతాలో పడాలని ఉంది. పదిహేను రోజుల వేతనంతో ఏ నైపుణ్యం వస్తుంది? డబ్బు ఖాతాలో వేసి, బాధ్యత తీరిందనుకోవడమే మా నాన్న విషయంలోనూ జరిగింది.

గుడిపాల_తోట:

రేణిగుంట_కాలనీ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. మన జిల్లాలో సహకార పాల డెయిరీ 2002లో మూతపడింది. దాన్ని అమూల్‌కు అప్పగించి పునరుద్ధరణకు 2023లో శంకుస్థాపన చేశారు. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి. పాడి రైతులు ప్రైవేటు డెయిరీలకు పాలు పోసుకొని ఎలాగో నిలదొక్కుకున్నారు, పనిచేసినవారి వయసు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

చంద్రగిరి_కోట:

ఇప్పటి వరకు అందరూ ప్రైవేటు యజమాని గురించే రాశారు. నేను ఒక పురపాలక సంస్థలో అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. 2020లో ప్రభుత్వమే ఆప్కాస్ అనే సంస్థ ద్వారా మాకు జీతాలు ఇవ్వడం మొదలుపెట్టాక ఏజెన్సీల కోత తగ్గింది, జీతం తేదీకి పడడం మొదలైంది. ఆ మేలు నేను మరచిపోను. కానీ నా పక్క కుర్చీలోని రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే నేను చేస్తాను, ఆయన సెలవులో ఉంటే ఆయన పని కూడా చేస్తాను. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు ప్రతి నా బ్యాగులో ఉంది.

తడ_బస్సు గారి కాంట్రాక్టరును తనిఖీ చేయడానికి వెళ్లే కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునేది కూడా మాలాంటి అవుట్‌సోర్సింగ్ ఉద్యోగే అయితే, ఆ తనిఖీకి బలం ఎక్కడి నుంచి వస్తుంది? చట్టం చేసే చేయీ, అమలు చేసే చేయీ, జీతం ఇచ్చే చేయీ ఒక్కటే. ప్రభుత్వం ముందుగా తన ఇంట్లో సరిచేసుకుంటే, బయటి యజమానికి చెప్పడానికి నోరు వస్తుంది.

నీవా_తీరం:

మీ మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. నేను ఉద్యోగంలో ఉన్న చివరి ఏళ్లలో ఒక యాజమాన్య ప్రతినిధి నాతో సరిగ్గా ఇదే అన్నాడు: ‘సార్, మీ ఆఫీసులో ఎంతమంది పర్మనెంట్?’ నేను జవాబు చెప్పలేక ఫైలు తిరగేశాను. మధ్యవర్తి కుర్చీకి చట్టం ఇచ్చే అధికారం చాలా తక్కువ అని మొదట రాశాను కదా, దానికి ఉన్న బలమంతా నైతికమైనది. ప్రభుత్వం యజమానిగా చేసే ప్రతి పని ఆ బలాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఈ సంగతి నేను మీ వల్లే స్పష్టంగా గ్రహించాను.

తలకోన:

ఒక చిన్న సవరణ అవసరమవుతుందేమోనని ముందే రాస్తున్నాను. మూసివేతకూ, తొలగింపులకూ ప్రభుత్వ అనుమతి అవసరమైన పరిమితిని 100 నుంచి 300 మందికి పెంచడం కొత్త కోడ్‌తోనే వచ్చిందని చాలామంది అనుకుంటున్నారు. 1976లో ఆ నిబంధన పెట్టినప్పుడు 300 మందే, తరువాతి సవరణతో 100కి తగ్గింది. రాజస్థాన్ 2014లో తిరిగి 300 చేసింది, ఆ తరువాత మన రాష్ట్రంతో సహా మరికొన్ని అదే దారి పట్టాయి. కాబట్టి వాదన ఆ అంకె చుట్టూ తిరగడం కంటే, అనుమతి అవసరం లేని చోట కార్మికుడికి మిగిలే రక్షణ ఏమిటన్న దాని చుట్టూ తిరగాలని నా అభిప్రాయం.

తిరుచానూరు_మాస్టారు:

మూడు రోజులుగా అందరి రాతలూ చదివాను. నీవా_తీరం గారిని ఒక్కటి సూటిగా అడగాలి. సోమవారం మావాడు ఉద్యోగంలో చేరుతున్నాడు. ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందు ఏమి అడగాలి?

నీవా_తీరం:

చేరమనండి, ఉద్యోగం వదులుకోవద్దు. మొదట, నిర్ణీత కాల ఉద్యోగికి అదే పని చేసే శాశ్వత ఉద్యోగికంటే జీతం, భత్యాలు, పని గంటలు తక్కువ స్థాయిలో ఉండరాదని కోడ్ చెబుతోంది కాబట్టి, అదే లైన్‌లోని శాశ్వత ఉద్యోగి వేతన శ్రేణి ఏమిటో రాతపూర్వకంగా అడగాలి. పాత చట్టంలో గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు సేవా కాలాన్ని బట్టి యజమాని ఇచ్చే మొత్తానికి, ఐదేళ్లు పట్టేది, ఇప్పుడు నిర్ణీత కాల ఉద్యోగికి ఒక్క ఏడాది సేవ చాలు. పదకొండు నెలలు ఆ ఏడాదికి ఒక నెల తక్కువ. మీరు చదివిన గడువు వెనుక నాకు కనిపించే లెక్క అదే. అయితే ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే నిరంతర సేవగా లెక్కించే సూత్రం పాత గ్రాట్యుటీ చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. రేపు వివాదం వస్తే హాజరు రోజులే మాట్లాడతాయి. అందువల్ల ప్రతి నెల పేస్లిప్‌నూ, హాజరు వివరాల ఫొటోనూ మొదటి రోజు నుంచే విడిగా దాచుకోవాలి.

తడ_బస్సు:

మాస్టారు గారూ, పేస్లిప్‌లు కంపెనీ యాప్‌లోనే ఉంటాయి. ఉద్యోగం ముగిసిన రోజు సాయంత్రమే లాగిన్ ఆగిపోతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది. ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసి మీకు పంపమని చెప్పండి.

తిరుచానూరు_మాస్టారు:

చెప్పానమ్మా. మొదటి నెలది రాగానే ప్రింటు తీసి, మా నాన్నగారి ఉత్తర్వు ఉన్న ఫైలులోనే పెడతాను. శాశ్వత ఉద్యోగి వేతన శ్రేణి అడుగుతూ వాడి చేతనే తెలుగులో ఒక ఉత్తరం రాయించాను, సోమవారం ఇస్తాడు. జవాబు వచ్చినా, రాకపోయినా ఇక్కడ రాస్తాను.